లేని నెగటివ్ కోసం రామచంద్రపురం దాకా

మా ఫోటో క్లబ్బులో ప్రతి సభ్యుడికీ రెండేసి కెమెరాలున్నాయి. ఒకటి మెడలో వేసుకుని తిరిగేది, రెండోది అమ్మకానికి పెట్టినా ఎవరూ కొననిది. నేను బెజవాడలో ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాను కాబట్టి ఆ రెండింటికీ పాలసీ ఉన్న ఏకైక సభ్యుణ్ణి. ఈ మధ్య మా అధ్యక్షుడు గారు ఒక ప్రత్యేక సంచిక వేయాలని సంకల్పించారు. విషయం, రీలు కెమెరా వదిలి డిజిటల్‌కి మారిన ఫోటోగ్రాఫర్లు, కళ పట్ల వాళ్ల నిబద్ధత. మీటింగులో నిబద్ధత అనే మాటను తలా నాలుగుసార్లు పలికాక, అది మాలో ఎవరి దగ్గరా లేదని తేలింది. గోదావరి జిల్లాల్లో ఏమైనా దొరుకుతుందేమో చూసి రమ్మని నన్ను పంపారు. ఖర్చులు నావి, పేరు క్లబ్బుది.

శనివారం పొద్దున్న ఆరు దాటాక బెజవాడలో రైలెక్కాను. ఈ దారిన వెళ్లదలచిన వాళ్లకు ఒక సలహా. గోదావరి చూద్దామని కిటికీ పక్క సీటు కోసం తాపత్రయపడకండి. కొవ్వూరు దాటి రైలు వంతెన మీదికి రాగానే పెట్టెలో ఉన్న చేతులన్నీ మన కిటికీలోకే దూరతాయి, ప్రతి చేతిలోనూ ఒక ఫోను ఉంటుంది. ఒకప్పుడు జనం ఇక్కడ నదిలోకి డబ్బులు విసిరి దణ్ణం పెట్టుకునేవాళ్లు. ఇప్పుడు వీడియో తీసుకుని, ఆ తర్వాత గుర్తొస్తే దణ్ణం పెట్టుకుంటున్నారు. నాకు మాత్రం ఎవరిదో వాచీ, దాని వెనక కొంచెం నీళ్లు కనిపించాయి.

ఎదురు సీట్లో కూర్చున్న పెద్దాయన యానాం వెళుతున్నారు. నా బ్యాగు వైపు కాసేపు చూసి, "అన్నీ కెమెరాలేనాండీ?" అని అడిగారు. అవునన్నాను. "మాదీ బ్యాగేనండి. ఇప్పుడు ఖాళీ. అక్కడ సరుకు చవక కదా, వచ్చేటప్పుడు మాత్రం మోయలేం" అని నవ్వారు. ఆ ప్రయాణంలో తన పని ఏమిటో స్పష్టంగా తెలిసిన మనిషి ఆయనొక్కరే అనిపించింది.

తొమ్మిదింటికి రాజమండ్రిలో దిగాను. స్టేషన్ బయట ఒక హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. అల్లం చట్నీ బాగుంది, కాఫీ మాత్రం పెసరట్టు మీద అసూయతో చేసినట్టుంది. అక్కడి నుంచి నడుచుకుంటూ ఘాట్‌కి వెళితే, మెట్ల మీద భక్తుల కంటే ఫోటోగ్రాఫర్లే ఎక్కువమంది ఉన్నారు. పెళ్లికి ముందు తీసే ఫోటోల కోసం ఒక జంటను పడవలో నిలబెట్టారు. చుట్టూ నలుగురు కెమెరాలతో, ఒకాయన రంగుపొగ గొట్టంతో, ఇంకొకాయన గొడుగుతో తిరుగుతున్నారు. పైన డ్రోను చెవిలో జోరీగలా రొద పెడుతోంది. "మేడం, నేచురల్‌గా నవ్వండి" అని ఒకతను అరుస్తూనే ఉన్నాడు. ఆ పిల్ల మొదట్లో నేచురల్‌గానే నవ్వింది. ఆ తర్వాత బతిమాలుతున్నట్టు నవ్వింది, చివరికి ఏడవలేక నవ్వింది. కెమెరా వెనక వాళ్లకి మూడూ ఒకేలా ఉన్నట్టున్నాయి, అన్నిటికీ సూపర్ అన్నారు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఎదురుగా ఉన్న వంతెననే ముప్పావుగంట సేపు తీశాను. వెలుతురు మారలేదు, వంతెన కదల్లేదు, నా చెయ్యి మాత్రం ఆగలేదు. డిజిటల్ వచ్చాక మనకు దక్కిన స్వేచ్ఛ ఇదే. చూడాల్సిన అవసరం లేకుండా తీసుకుంటూ పోవచ్చు.

పదిన్నర దాటాక ఆర్టీసీ కాంప్లెక్సులో రామచంద్రపురం బస్సెక్కాను. పల్లెవెలుగు బస్సు, గంటన్నర ప్రయాణం అన్నారు. కండక్టరు టిక్కెట్టు ఇస్తూ నా బ్యాగును చూసి, "ట్రైపాడ్ కాళ్లు దారికి అడ్డం లేకుండా పెట్టండి సార్, మొన్నొకాయన మీద పడ్డాను" అన్నాడు. ఫోటోగ్రాఫర్లంటే ఈ జిల్లాలో ఉన్న గౌరవం అర్థమై కాళ్లు సర్దుకున్నాను.

కడియం నర్సరీలు దాటుతుండగా పక్క సీట్లో ఉన్నావిడ పలకరించింది. నలభైకి అటూ ఇటూ వయసు ఉంటుంది. ఇస్త్రీ చీర, మెడలో చిన్న సిలువ, చేతిలో గుడ్డసంచి.

"మీరు ఫోటోలు తీస్తారాండి?"

"తీస్తాననే కార్డు మీద వేయించుకున్నానండి" అన్నాను.

ఆవిడ నవ్వింది. పేరు ప్రమీల. తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచరు. రామచంద్రపురంలో వీర్రాజు గారి స్టూడియోకి వెళుతున్నానని చెప్పింది. నేను వెళుతున్నదీ ఆయన దగ్గరికే. ఇందులో పెద్ద వింతేమీ లేదు. రీలు రోజుల నాటి నెగటివులు పారెయ్యకుండా దాచుకున్న ఫోటోగ్రాఫరు ఆ చుట్టుపక్కల ఆయనొక్కరేనట. నాకు ఆయన నిబద్ధత కావాలి. ఆవిడకి వాళ్లమ్మ కావాలి.

"మా అమ్మ పేరు శాంతమ్మండి. పొలం పనులకెళ్లేది. అప్పట్లో ఇటుపక్కే మేముండే ఊళ్లో కామందు గారమ్మాయి పెళ్లికి అంట్లు తోమడానికి వెళ్లింది, నన్నూ తీసుకెళ్లింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఫోటోలాయన మా ఇద్దరికీ ఒక ఫోటో తీశాడండి. కాపీ తెచ్చుకోవాలని అమ్మ అంటూనే ఉండేది, ఏనాడూ వెళ్లలేదు. నేను పదో తరగతిలో ఉండగా జ్వరమొచ్చి పోయింది. ఇంకో ఫోటో అంటూ లేదండి."

నేను తలూపాను. రేపు వాళ్ల చర్చిలో తల్లి పేరున జ్ఞాపకార్థ కూటం పెట్టుకున్నారా అని అడిగాను, ఇలాంటప్పుడే జనానికి ఫోటోలు గుర్తొస్తాయి కాబట్టి.

"కూటం సంగతి కాదండి. ముఖం మర్చిపోతున్నానండి" అంది ఆవిడ. "చేతులు గుర్తున్నాయి, గొంతు గుర్తుంది. ముఖం మాత్రం ఏడాదికేడాది పల్చబడిపోతోంది. పూర్తిగా పోకముందే ఒక్కసారి చూసుకోవాలి."

ఇంత సూటిగా మాట్లాడే మనిషి పక్కన కూర్చున్నప్పుడు వెటకారం పనికిరాదు. మండపేట వచ్చేదాకా కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ కూర్చున్నాను.

పన్నెండు దాటాక రామచంద్రపురంలో దిగాం. స్టూడియో మెయిన్ రోడ్డు మీదే ఉంది. కింద గాజు తలుపులు, ఏసీ, గోడంతా పెళ్లి జంటలు. ఒక జంట గుర్రం మీద, ఒక జంట మేఘాల్లో, ఒక జంట ఈఫిల్ టవర్ కింద ఉన్నారు. ఆ టవర్‌కి గోదావరి దాటే పని లేదు, కంప్యూటర్లోనే ఉంటుంది. ఈ భాగమంతా వీర్రాజు గారి అబ్బాయి శివది. ముప్పై ఏళ్లవాడు, మాట మర్యాద గలవాడు, చేతికి రెండు ఫోన్లు. వీర్రాజు గారు వెనక గదిలో ఉంటారు. డెబ్బైకి దగ్గర పడిన మనిషి, తెల్లచొక్కా, మెడలో బరువైన డిజిటల్ కెమెరా. స్టూడియోలో కూర్చున్నప్పుడు కూడా దాన్ని మెడలోంచి తియ్యరట.

ముందు నా పని కానిచ్చాను. రీలు వదిలి డిజిటల్‌కి మారినప్పుడు ఒక కళాకారుడిగా మీలో ఎలాంటి అంతర్మథనం జరిగింది అని, అధ్యక్షుడు గారు రాసిచ్చిన ప్రశ్న అడిగాను. ఆయన నన్ను జాలిగా చూశారు.

"అంతర్మథనమా పాడా. రీళ్లు కడిగే మందులు దొరకడం మానేశాయండి. డార్క్‌రూమ్ ఇదుగో, ఇదే. ఇప్పుడు ఎల్‌ఈడీ లైట్లు పెట్టుకుంటున్నాం. నా చేతులకి ఆ మందుల వాసన పోవడానికి రెండేళ్లు పట్టింది. మా ఆవిడైతే పండగ చేసుకుంది."

"మరి కళ సంగతో?" అన్నాను.

"రీల్లో ముప్పయ్యారు బొమ్మలు. నొక్కే ముందు ఆలోచించేవాళ్లం. ఇప్పుడు నొక్కేసి, ఆలోచన అబ్బాయికి వదిలేస్తున్నాం."

శివ అందుకున్నాడు. "ఆలోచన కాదండి, తలనొప్పి. నాన్నగారు పెళ్లికి వెళ్తే మెమరీ కార్డులో పెళ్లికూతురు కన్నా వంటవాళ్లే ఎక్కువుంటారు. అంట్లు తోమేవాళ్లు, మేళగాళ్లు, డ్రైవర్లు, ఎవరడిగినా తీస్తారు, అడక్కపోయినా తీస్తారు. పైగా ప్రింట్లు వేయించి ఇళ్లకెళ్లి ఇచ్చొస్తారు. పెళ్లివాళ్లు ఆల్బమ్ ఏదని నా ప్రాణం తీస్తుంటే, ఈయన ఎవరో గిన్నెలావిడకి ఫోటో ఇవ్వడానికి స్కూటరేసుకుని ద్రాక్షారామం వెళ్లారు."

నా కలం చకచకా నడిచింది. నిబద్ధత దొరికిందని సంతోషపడ్డాను. శీర్షిక కూడా తట్టింది, అది ఎంత చెత్తగా ఉందో ఇక్కడ చెప్పను.

తర్వాత ప్రమీల తన సంగతి చెప్పింది. కామందు గారి ఇంటిపేరు వినగానే వీర్రాజు గారు లేచారు. అటకమీది బిస్కెట్ డబ్బాల్లోంచి ఒకటి దించి, మూత తీసి, పల్చని కాగితం కవర్లలో ఉన్న నెగటివులు బయటికి తీశారు. శివ తన ఫోను తెరను తెల్లగా వెలిగించి బల్ల మీద పెట్టాడు. దాని మీద నెగటివు ఉంచి రెండో ఫోనుతో చూస్తే, నలుపు తెలుపై, మనుషులు మామూలుగా కనిపిస్తున్నారు. పూర్వం దీనికి ఒక రాత్రీ, ఒక చీకటి గదీ కావాల్సి వచ్చేవి. ఈ విషయంలో మాత్రం డిజిటల్‌ని ఏమీ అనలేను.

పెళ్లంతా మా కళ్ల ముందు జరిగింది. స్నాతకం, జీలకర్రాబెల్లం, తలంబ్రాలు, కామందు గారు, కామందు గారి తమ్ముడు, మళ్లీ కామందు గారు. ప్రమీల ప్రతి బొమ్మ మీదికీ వంగి చూసింది. ఒక చోట గుంపు వెనక ఎవరిదో చీర కొంగు కనిపిస్తే ఫోను దగ్గరికి లాక్కుంది. అమ్మది కాదంది. ఆఖరి కవరు కూడా అయిపోయింది.

"ఎక్కడ నిలబెట్టి తీశానమ్మా?" అని వీర్రాజు గారు అడిగారు.

"పందిరి వెనకాలండి. గాడిపొయ్యి పక్కన. చీకటి పడింది అప్పటికే. మా అమ్మ చేతులు కడుక్కుని, నా జుట్టు సర్ది, తన ముఖం కొంగుతో తుడుచుకుని మరీ నిలబడింది. ఫ్లాష్ వెలిగిందండి. నాకు బాగా గుర్తు."

వీర్రాజు గారు కవర్లు సర్దడం మొదలుపెట్టారు. సర్దినవే మళ్లీ సర్దారు. ఆయన ఎందుకు మాట్లాడడం లేదో నాకు తెలిసింది. పాత ఫోటోగ్రాఫర్ల మధ్య కూర్చున్న ఎవరైనా విన్న సంగతే. రీలు కెమెరా మీద బిగించే ఫ్లాష్‌కి వెనక చిన్న బటన్ ఉంటుంది. కెమెరా నొక్కకుండా ఆ బటన్ ఒక్కటే నొక్కితే వెలుగు వస్తుంది, రీలు కదలదు. పెళ్లిలో ఫోటో తియ్యమని వెంటపడే పిల్లల్నీ, పనివాళ్లనీ, దూరపు చుట్టాల్నీ అలా సంతోషపెట్టి పంపేవాళ్లు. ఉత్తి ఫ్లాష్ అనేవాళ్లు దాన్ని. మేం క్లబ్బులో ఈ కథ చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం కూడా. ఆ వెలుగు ముందు నిలబడిన మనిషి ఇలా ఎదురుగా కూర్చుంటుందని మాకెవరికీ తోచలేదు.

శివకి ఇదేమీ తెలిసినట్టు లేదు. "నెగటివ్ పాడైపోయి ఉంటుందండి. మీరేం బెంగపెట్టుకోకండి, మీది అమ్మగారి పోలికేగా?" అని చక్కగా మాట్లాడుతూనే ఆవిణ్ణి ఒక ఫోటో తీశాడు. "పాత చీర, పాత వెలుతురు పెట్టేస్తాను. ఇప్పుడంతా కంప్యూటరే చూసుకుంటుందండి." నేను వాళ్లిచ్చిన కాఫీ పూర్తిచేసేలోగా తెర మీద ఒకావిడ ప్రత్యక్షమైంది. నేతచీర, ముఖాన చెమట, వెనక పొయ్యి మంట. పొయ్యి మీద డేగిసా కూడా ఉంది. నిజం చెప్పొద్దూ, మా క్లబ్బులో ఎవరమూ అంత బాగా తియ్యలేం.

ప్రమీల చాలాసేపు చూసింది.

"బాగుందండి. చీర కూడా అమ్మ కట్టేలాంటిదే" అంది. "తీసెయ్యండి బాబూ."

"ఎందుకండీ? ఏమైనా మార్చాలంటే..."

"మార్చకండి. ఇది నాలుగు రోజులు గోడ మీద ఉంటే, మా అమ్మ ఇలాగే ఉండేదనుకుంటాను. నాకు మిగిలిన కాస్తా పోతుంది. తీసెయ్యండి."

శివ తండ్రి వైపు చూశాడు. తండ్రి తెర వైపు చూస్తున్నారు. గది చల్లగానే ఉంది కానీ ఆయన నుదురు తడిసింది. నెగటివ్ పాడైపోయిందన్న కొడుకు మాట అక్కడే ఉంది, దాన్ని పట్టుకుని బయటపడొచ్చు. పట్టుకోవాలనే నేను కోరుకున్నాను. పెద్దాయన ఒక ఆడమనిషి ముందు తలదించుకోవడం చూడడానికి నేను బెజవాడ నుంచి రాలేదు.

"పాడవలేదమ్మా" అన్నారు ఆయన. "అసలు తియ్యలేదు."

ఆ చిన్న బటన్ సంగతి ఆయనే చెప్పారు. నాకన్నా సూటిగా చెప్పారు. ప్రమీల మొదట అర్థం కానట్టు చూసింది, తర్వాత అర్థమై చూపు తిప్పుకుంది.

"అడిగినవాళ్లందరికీ అలాగే చేసేవారాండి?"

"అందరికీ కాదమ్మా. పెళ్లివాళ్లు రీళ్లు లెక్కపెట్టి ఇచ్చేవారు. కాపీ కొనుక్కోలేరు అనుకున్నవాళ్లకి చేసేవాణ్ణి. చూడగానే అనుకునేసేవాణ్ణి."

ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. మంచినీళ్లు అడిగింది. శివ పరుగెత్తుకెళ్లి తెచ్చాడు. వీర్రాజు గారు మెడలోని కెమెరా చేత్తో పట్టుకుని, "నిన్నొకటి తియ్యనామ్మా? నీ పిల్లలకి ఉంటుంది" అన్నారు.

"ఇవాళ వద్దండి" అంది ప్రమీల. గుడ్డసంచి తీసుకుని లేచింది. ఆయన గుమ్మం దాకా వచ్చారు. శివ తెరమీది బొమ్మను తుడిచేశాడు. అంట్లు తోమేవాళ్ల ఇళ్లకి ఆయన స్కూటరు మీద ఫోటోలు ఎందుకు మోస్తున్నారో ఇప్పుడు నాకు తెలిసింది. కాసేపటి క్రితం నేను నిబద్ధత అని రాసుకున్న కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

బస్టాండు పక్క మెస్సులో భోజనం చేశాను. గుత్తొంకాయ కూర, మజ్జిగ పులుసు, అడిగినంత పెరుగు. రామచంద్రపురం వెళ్లేవాళ్లు రెండు గంటలలోపు చేరుకోవడం మంచిది, ఆ తర్వాత సాంబారు ఒక్కటే మిగులుతుంది. ప్రమీలని కూడా రమ్మన్నాను, ఆకలి లేదంది. మూడు దాటాక రాజమండ్రి బస్సు వచ్చింది. ఇద్దరం ఎక్కాం. బస్సులో జనం పల్చగా ఉన్నారు. ముందు సీట్లో కొత్త దంపతులు ఒకరి భుజం మీద ఒకరు తల ఆన్చి, ఫోనులో తమ ముఖాలు చూసుకుంటూ వస్తున్నారు.  ఓదార్చడం నాకు చేతకాదు. ఇన్సూరెన్సులో పోయినదానికి ఫారం ఒకటి ఉంటుంది, దానితో సరిపెట్టుకునే అలవాటు.

మండపేట దాటి కాలువ పక్క రోడ్డెక్కాక ఆవిడే అంది, "ఆయన చాలా బాధపడుతున్నట్టున్నారండి."

"పడనివ్వండి" అన్నాను. నాకు నిజంగానే కోపంగా ఉంది.

"అలా కాదండి. నేనక్కడ ఒక సంగతి చెప్పలేదు. అప్పుడు చెప్పాలని తోచలేదు." కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "ఫోటోలాయన ఇటు చూడు, ఇటు చూడు అంటున్నాడండి. నేను చూడలేదు. అమ్మ ఎప్పుడూ అంత కుదురుగా నిలబడగా చూడలేదు నేను. ఎప్పుడూ పనే కదా. అందుకని తలెత్తి అమ్మనే చూస్తున్నాను. అప్పుడు వెలిగిందండి ఫ్లాష్. ముఖమంతా ఒక్కసారి తెల్లగా కనపడింది. నవ్వు ఆపుకుంటోంది. పక్క పన్ను కొంచెం ఎత్తుగా ఉండేది, అది కూడా కనపడింది. పొద్దున్నించీ నేను గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్న ముఖం అదేనండి. ఇందాక ఆయన బటన్ సంగతి చెబుతుంటే గుర్తొచ్చింది."

నేను ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాను. 

"ఆయన నంబరుందాండి మీ దగ్గర?"

ఫోను కలిపి ఆవిడకిచ్చాను. బస్సు రొద వల్ల స్పీకరు పెట్టాల్సి వచ్చింది. నాకు చెప్పినదే మళ్లీ మొదటి నుంచి చెప్పింది, ఎత్తుపన్నుతో సహా.  లైను తెగిందేమోనని చూశాను, తెగలేదు. అవతల నుంచి వీర్రాజు గారి గొంతు వచ్చింది.

"ముఖం మీద నీడేమన్నా పడిందామ్మా?"

"లేదండి" అంది ప్రమీల. "బాగా పడింది వెలుతురు."

"సరేనమ్మా" అన్నారు ఆయన. మళ్లీ, "సరే, సరే" అన్నారు. తర్వాత ఎవరో ఫోను అందుకుని పెట్టేశారు.

అయిదున్నరకి రాజమండ్రి స్టేషన్ చేరాం. ఆవిడ తాడేపల్లిగూడెం వెళ్లే పాసింజరెక్కింది, నేను దాని వెనక వచ్చే బండెక్కాను. వంతెన మీదికి రాగానే మళ్లీ చేతులన్నీ కిటికీలోకి లేచాయి. నా కెమెరాలో ఆ రోజు తీసిన బొమ్మలు వందల్లో ఉన్నాయి, వంతెనా, పడవా, రంగుపొగా అన్నీ ఉన్నాయి. ప్రమీల ముఖం ఎలా ఉంటుందని మా ఆవిడ అడిగితే మాత్రం చెప్పగలను. ఆవిడది ఒక్క ఫోటో కూడా తియ్యలేదు కాబట్టి రోజంతా చూస్తూనే ఉన్నాను.